తిరగరాత

కెనెమా ఆస్పత్రి వెనక,
హర్మాటాన్ గాలి కిటికీ జాలీలకు దుమ్ము పూసే జనవరిలో
మోటార్‌సైకిల్ మీద వచ్చింది రక్తం.
మూడు పొరల డబ్బా, సగం కరిగిన ఐసు,
మూత మీద వాందీ వంకర చేతిరాత:
బైందు. పదకొండేళ్లు. ఆరు రోజుల జ్వరం.

వడ్ల బస్తాల మధ్య తిరిగే ఎలుక
ఆ ఇంటికేం ఇచ్చిందో మాకింకా తెలీదు.
మలేరియాకీ లాసాకీ మొదటి వారంలో
ఒకటే మొహం.

వైరస్ ముందే చచ్చింది, మందునీళ్లలో.
మాకు కావలసింది దాని చీటీ,
ఆర్‌ఎన్‌ఏ అనే ఒంటిపోగు.
ఎంత పిరికిదంటే
నా వేలి చెమట తగిలినా తునిగిపోతుంది.
అందుకే రెండు జతల గ్లౌజులు,
అందుకే మాట్లాడను, దగ్గును,
ముక్కు దురదపెడితే దురదపెట్టనీ.

కణంలో మాట ఒకే దారిన పోతుంది,
పుస్తకంలోంచి చీటీలోకి, చీటీలోంచి పనిలోకి.
ఈ ఎంజైమ్ ఒక్కటే ఏటికి ఎదురీదుతుంది,
చీటీ చూసి పుస్తకం రాస్తుంది.
ఈ విద్య మనకు దొరికిందీ వైరస్‌ల దగ్గరే.
ముల్లును తీసే ముల్లు.
తలరాత చదివినవాళ్లు నాకెవరూ తెలీదు,
తిరగరాత మాత్రం
యాభై డిగ్రీల దగ్గర, అరగంటలో,
నా కళ్లెదుట జరుగుతుంది.

ఆ తర్వాత రెట్టింపు.
ఈ పెట్టెకు వేరే లెక్క రాదు.
వేడెక్కితే జంట విడిపోతుంది, చల్లబడితే కొత్త జంట కడుతుంది.
ఒకటి రెండు, రెండు నాలుగు,
నలభై సార్లు.

ముప్పై నాలుగో చుట్టులో గీత లేచింది.
లేచింది నీళ్ల గొట్టంలో.

ఏమీ వెయ్యని గొట్టం అది. పలకకూడనిది.
హిందోలో పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుని
"నీళ్లకు అబద్ధం రాదు, యేమా" అన్నాడు.
"అబద్ధం మన చేతిది."
నాలుగు గంటల పని చెత్తబుట్టలోకి.
ఎంజైమ్ ఇంకొక్క సారికే ఉంది,
జనరేటర్లో డీజిల్ దానికన్నా కొంచెం తక్కువ.
బయట బెంచీ మీద, నీలిమందు గారా గుడ్డలో తల దూర్చి
వాళ్లమ్మ.
ఆమెకేం చెప్పను, నీళ్లు మాట్లాడాయనా?

బల్ల కడిగాను. పిపెట్లు కడిగాను.
చేతులు వణికితే ఆపి,
తగ్గాక మళ్లీ మొదలుపెట్టాను.

తెల్లవారుజామున నీళ్లు నోరు మూసుకున్నాయి.
ఇరవై ఏడో చుట్టులో బైందు గీత లేచింది,
నునుపుగా, కొంగ మెడలాగా.
అనకూడదు గానీ, అందంగా ఉంది.
ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.
వార్డుకు పరిగెత్తింది హిందోలో, అరవై ఏళ్ల మోకాళ్లతో.

ఏప్రిల్లో బైందు వచ్చింది, నడిచి.
జ్వరం పోతూ పోతూ రెండు చెవులూ పట్టుకుపోయింది.
లాసాకది అలవాటే.
ఆ జ్వరపు రోజుల రక్తం మా ఫ్రీజర్లో ఉంది.
వాళ్లమ్మ కాగితం మీద వేలిముద్ర వేసింది,
ఆ యుద్ధంలో ఏ జన్యువు ఎంత గట్టిగా అరిచిందో
మేం కొలవడానికి.
కొలతకు తోడు, జ్వరమొచ్చినా చావొచ్చినా
ఒకే గొంతుతో పనిచేసుకునే ఇంటిపని జన్యువు.
అరుపును దానితో పోల్చి చూడాలి.
ఇంటర్‌ఫెరాన్ పిలుపు అందుకున్న జన్యువులు కేకలు పెట్టాయి.
మేం విన్నాం. ఆ పిల్ల తప్ప అందరం.

వరండాలో, కొత్తవాళ్లకు నేర్పే పాత యంత్రం.
బైందు దాని మూత మీద అరచెయ్యి ఆనించింది.
వేడి, చల్లన, వేడి.
ఏదో కనిపెట్టినట్టు నావైపు చూసి
వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.
పంతొమ్మిది దాకా వచ్చింది.
వాళ్లమ్మ గేటు దగ్గర్నుంచి పిలిచింది, రెండుసార్లు,
ఆ తర్వాత గుర్తొచ్చి
నడిచొచ్చి భుజం తట్టింది.